ఇష్టపూర్వకంగానేనట!

"పై నిబంధనలన్నిటికీ ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను" అన్న చోట ఇవాళ సంతకం పెట్టొచ్చాను. పెట్టకపోతే పని జరగదు. "ఒకసారి చదివి పెడతానండీ" అంటే, కౌంటర్‌లో ఆయన తల ఎత్తకుండానే పెన్నుతో ఆ గీత మీద టకటకా కొట్టి చూపించాడు. ఇంటికొచ్చి ఇంతసేపైనా ఆ చప్పుడు వదలట్లేదు.

ప్రభుత్వం "చెయ్యి" అని హుకుం జారీ చేస్తే నాకింత మంట ఉండదు. చేయించుకుని, "నువ్వే ఒప్పుకున్నావుగా" అంటుంది చూడండి, అదీ కడుపుమంట. ఈ తిరకాసు పాతదే. రాజ్యపు రహదారి మీద నడిచినా చాలు, దాని అధికారానికి నోరు విప్పకుండా ఒప్పుకున్నట్టేనని ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ 1689లోనే రాశాడు. నడవక ఎగరాలా? 1748లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఈ వాదనని బాగానే ఉతికాడు: నిద్రపోతున్నవాణ్ణి ఓడెక్కించి, నడిసముద్రంలో "దూకలేదుగా, అంటే కెప్టెన్‌కి ఒప్పుకున్నట్టే" అన్నట్టుంది ఇది, అని. చదివి కాసేపు సంబరపడ్డాను.

ఆరో తరగతిలో మా క్లాస్ లీడర్ గుర్తొచ్చింది. టీచర్ బయటికెళ్తే చాలు, చాక్‌పీస్ పట్టుకుని మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేది. నా పేరు పక్కన ఇంటూ గుర్తులు రైలు పెట్టెల్లా ఉండేవి. ఓసారి లేచి "నిన్నెవరు చేశారే లీడర్‌ని?" అని అడిగేశా. ఇంకో ఇంటూ పడింది. సాయంత్రం అదే నా దగ్గరికొచ్చి, "టీచర్ చేశారు. నన్నూ అడగలేదు" అంది.

మరుసటేడు చేతులెత్తించి లీడర్‌ని పెట్టారు. నేను చెయ్యెత్తని అమ్మాయే గెలిచింది, నా పేరు మళ్ళీ బోర్డెక్కింది. కానీ ఈసారి "మేం ఎన్నుకుంటేనే కదా నువ్వు!" అని గొడవపడటానికి వీలుండేది. ఒకట్రెండు ఇంటూలు చెరిపించుకున్నాను కూడా.

అయితే పైన రాసింది సగం వెనక్కి తీసుకోవాలేమో. మన సమ్మతి ఉందన్నది బుకాయింపే. అయినా వాళ్ళ నోటితోనే ఆ మాట అన్నారు గనక, "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అని నిలదీయొచ్చు. ఉత్త హుకుంతో ఏం వాదిస్తాం?

ఇదంతా విని మా ఆయన, "అంత బాధైతే వేరే దేశం పోదాం పద" అన్నారు. మరణశిక్ష పడ్డ సోక్రటీస్ జైల్లో, ఏథెన్స్ చట్టాలే తనతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుని, పారిపొమ్మన్న స్నేహితుడికి చెప్పిందీ అదే: డెబ్బై ఏళ్ళు ఏథెన్స్ వదిలిపోలేదు గనక దాని చట్టాలకు ఒప్పుకున్నట్టేనట, అందుకే పారిపోనన్నాడు. ఆయన కావాలనుకుంటే మూటాముల్లె సర్దుకుని ఎటైనా పోవచ్చని ఆ చట్టాలే అంటాయి. నేను పోవాలంటే వీసా కావాలి. అదిచ్చేది ఇంకో ప్రభుత్వం.