ముడిచమురులోని ఆమ్లాలు, పెయింట్ డబ్బాలో వాటి పని

ఇంటర్మీడియట్‌లో మార్కోవ్నికాఫ్ నియమం చదివినవారు చాలామందే ఉంటారు గానీ, అదే శాస్త్రవేత్త 1880ల్లో కాకసస్ ప్రాంతపు ముడిచమురును పరిశోధించి, అందులోని వలయాకార హైడ్రోకార్బన్లను నాఫ్థీన్లుగా గుర్తించాడని తెలిసినవారు తక్కువ. అలాంటి వలయాలకు ఆమ్లగుణాన్నిచ్చే కార్బాక్సిల్ (-COOH) సమూహం చేరిన ఆమ్లాల మిశ్రమాన్నే నాఫ్థెనిక్ ఆమ్లాలంటారు. బాకూ, వెనిజులా చమురుల్లో ఇవి ఎక్కువ.

రిఫైనరీ ఇంజినీర్లకు వీటి పేరు చెబితేనే చికాకు. ఒక గ్రాము చమురులోని ఆమ్లాన్ని తటస్థీకరించడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పడుతుందో చెప్పే అంకె సుమారు 0.5 దాటిందంటే జాగ్రత్త పడతారు. దాదాపు 220 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య ఈ ఆమ్లాలు ఉక్కును తినేస్తాయి. పైగా అలా ఏర్పడే ఇనుప నాఫ్థెనేట్ (ఈ ఆమ్లాల ఇనుప లవణం) చమురులోనే కరిగిపోతుంది కాబట్టి, లోహంపై రక్షణ పొర ఏదీ మిగలదు. అందుకే అలాంటి చమురు కాస్త చవకగా దొరుకుతుంది, దాన్ని శుద్ధి చేసేవారు మాలిబ్డినం కలిసిన 316, 317 రకాల స్టెయిన్‌లెస్ స్టీలు వాడడమో, ఆమ్లం తక్కువున్న చమురును కలపడమో చేస్తారు.

కిరోసిన్, డీజిల్ భాగాలను కాస్టిక్ సోడాతో కడిగితే ఈ ఆమ్లాలు సోడియం లవణాలుగా నీటిలోకి వస్తాయి. వాటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే నాఫ్థెనిక్ ఆమ్లం మళ్ళీ విడివడుతుంది. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. నూనెలో కరగడమనే గుణం పైపుల్లో కీడు చేసినా, పెయింట్లో మేలు చేస్తుంది: కోబాల్ట్ నాఫ్థెనేట్ ఎనామిల్ పెయింట్లో సులువుగా కలిసిపోయి, గాలిలోని ఆక్సిజన్‌తో చర్యను వేగవంతం చేసి, పైపొరను త్వరగా ఆరనిస్తుంది. లోపలి పొర ఆరడానికి ఒకప్పుడు సీసం లవణం వాడేవారు; భారత్‌లో 2017 నవంబరు నుంచి గృహ, అలంకరణ పెయింట్లలో సీసం పరిమితి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) కావడంతో జిర్కోనియం, కాల్షియం లవణాలకు ప్రాధాన్యం పెరిగింది.

ఫైబర్‌గ్లాస్ పనివారు కోబాల్ట్ అని పిలిచే ఊదారంగు ద్రవం కూడా ఇలాంటి లవణమే. దాన్ని ముందుగా రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరిచే పెరాక్సైడ్) పోయాలి. రెండింటినీ నేరుగా కలిపితే మంటలు లేచే ప్రమాదం, పేలుడు కూడా సంభవించవచ్చు. రాగి లవణం కలపను చెదల నుంచి, శిలీంధ్రాల నుంచి కాపాడుతుంది. 1942లో హార్వర్డ్‌లో తయారైన నేపామ్ అనే దహనాస్త్రంలో గ్యాసోలిన్‌ను చిక్కబరచడానికి వాడిన అల్యూమినియం లవణాల్లో నాఫ్థెనేట్ ఒకటి, అది గర్వించదగిన ఉపయోగం కాదు.

వాసన ఘాటుగా ఉండడం, చమురును బట్టి కూర్పు మారడం నాఫ్థెనిక్ ఆమ్లాల లోపాలు. అందువల్ల ఇప్పుడు చాలా డ్రయర్లను (పెయింట్‌ను త్వరగా ఆరనిచ్చే లవణాలను) ప్రొపిలీన్ నుంచి తయారయ్యే 2-ఇథైల్ హెక్సనోయిక్ ఆమ్లంతోనే చేస్తున్నారు. అంగట్లో కోబాల్ట్ ఆక్టోయేట్‌గా అమ్మేది దాని లవణమే.