అది దుబాయ్ గాలి కాదు

మా నాయన పోయిన రాత్రి నేను దుబాయ్‌లో, జెబెల్ అలీ గోడౌన్‌లో స్టాకు లెక్క చూస్తున్నాను. అక్క ఫోన్‌లో వెక్కి వెక్కి ఏడుస్తోంది. నేనడిగిన మొదటి మాట "ఎన్ని గంటలకు?" రెండో మాట "ఎవరెవరికి చెప్పిన్రు?" అక్క ఏడుపు ఆపి కాసేపు పలకలేదు. నాకేమో టికెట్, సెలవు కాగితం, ఆఫీసు బీరువాలో ఉన్న పాస్‌పోర్టు, శంషాబాద్ నుంచి ఊరికి బండి, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందుకొస్తున్నాయి. ఏడుపు మాత్రం రాలేదు.

ఊరు చేరి గుండు చేయించుకున్నాను. దినాలు అయ్యేదాకా చెప్పిన పనల్లా చేశాను. వాకిట్లో కూర్చున్న పెద్దమనుషులు అనుకుంటుంటే విన్నాను: "దుబాయ్ గాలి సోకింది వానికి. గుండె రాయైంది."

ఆరు నెలల తర్వాత గోడౌన్‌కు రబ్బరు వాషర్ల పెట్టెలొచ్చాయి. మా నాయనది కోరుట్ల రోడ్డు మీద సైకిల్ పంక్చర్ల దుకాణం. పెట్టె అట్ట చింపగానే కొత్త రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. రాక్‌ల మధ్య నేల మీద కూలబడి షిఫ్టు అయిపోయేదాకా ఏడ్చాను. చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ ఏడుపు ఊరి లెక్కలోకి రాలేదు.

నేను ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టి 2009లో పోయాను. మా జగిత్యాల దిక్కు అదేమీ వింత కాదు. పదో తరగతి తప్పినోడు పోతాడు, బోరు పడక అప్పులపాలైనోడు పోతాడు. నేను మాత్రం అందరి లెక్క అప్పుల కోసమే కాదు, ఊళ్లో మనుషులతో మెసలుకోవడం చేతగాక కూడా పోయాను. అప్పుడు ఆ సంగతి నాకే తెలియదు.

మొదట బిల్డింగ్ సైట్లో హెల్పర్ పని. క్యాంపులో రూముకు ఎనిమిది మందిమి, కింద నాలుగు మంచాలు, పైన నాలుగు. ట్యూబులైటు జుయ్యిమంటూ వెలిగి ఆరుతుండేది. ఒకడు చేపలు వేయిస్తాడు, ఒకడు ఫోన్‌లో పెళ్లాంతో కొట్లాడతాడు, ఒకడు మూడు గంటలకే అలారం పెట్టుకుంటాడు. మొదటి నెలంతా తువ్వాలు చెవులకు చుట్టుకుని పడుకున్నాను. "పాగల్" అని పేరు పడింది. నిర్మల్ అన్న ఒకాయన ఉండేవాడు. తన కింది మంచం నాకిచ్చి తను పైకెక్కాడు. పాత దుప్పటి మంచం చుట్టూ కట్టి పరదా చేసి, "వాడు పరదా ఏసిండంటే కదిలియ్యకుండ్రి" అని రూములో అందరికీ చెప్పాడు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఎనిమిది మంది బతికే రూములో ఎవడి పిచ్చి వాడిది.

వింతగా ఉంటుంది గానీ, నాకు దుబాయ్ నచ్చింది. ఎండ కాదు, జీతం కూడా కాదు. అక్కడ నియమం గోడ మీద రాసి ఉంటుంది, అది నచ్చింది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని సైటు గేటుకే బోర్డు ఉండేది. గడియారం 12:30 కొట్టగానే పని ఆగుతుంది. ఎవరి ముఖం చూసి ఎవరి మనసులో ఏముందో ఊహించాల్సిన పని లేదు.

భాష సంగతి ఇంకా మేలు. ఫోర్‌మన్ పెషావర్ వాడు, సూపర్‌వైజర్ మలబారీ, నాతో పనిచేసేవాళ్లలో నేపాలీలు, బెంగాలీలు. అందరికీ ఉన్నది విరిగిన హిందీ ఒకటే. "యే లావ్, వో రఖో, కల్ ఆవ్." రాని భాషలో ఎత్తిపొడుపులు ఉండవు. ముక్కుకు సూటిగా అడుగుతారు, సూటిగా చెబుతారు. నేను కళ్లలోకి చూడకుండా మాట్లాడితే మర్యాద అనుకున్నారు. తక్కువ మాట్లాడితే హిందీ రాదేమో అనుకున్నారు. ఒక్కణ్ణే కూర్చుని తింటే "మద్రాసీ ఐసా హీ హై" అన్నారు. (వాళ్లకు తెలుగోడు, తమిళోడు అందరూ మద్రాసీలే.) నాలోని ప్రతి వంకరకూ పరాయి దేశం ఒక సాకు ఇచ్చింది.

తర్వాత మూడేళ్లకు స్టోర్‌లోకి మార్చారు. పైపులు, ఎల్బోలు, టీలు, వాల్వులు. ఏ సైజు ఏ రాక్‌లో ఎన్నో అరలో ఉందో నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన స్కానర్ ఒకసారి చెడిపోతే రెండు రోజులు నన్నే స్కానర్‌గా వాడుకున్నారు. అదే స్టోర్‌లో ఒకసారి పెద్ద గొడవ కూడా చేసుకున్నాను. 2022లో అక్కడి ప్రభుత్వం వారాంతపు సెలవులు శని, ఆదివారాలకు మార్చింది. మా కంపెనీ కూడా శుక్రవారం సెలవు తీసేసి ఆదివారం ఇచ్చింది. అందరికీ ఒక్క రోజే, అటు కాకపోతే ఇటు. నాకు మాత్రం పదమూడేళ్ల వారం తలకిందులైంది. బట్టలుతికే రోజు, ఇంటికి ఫోన్ చేసే రోజు, కోడికూర వండుకునే రోజు అన్నీ చెదిరిపోయాయి. నెల రోజులు నిద్ర లేదు, మేనేజర్ మీద అరిచాను. ఉద్యోగం పోవాల్సిందే. లెక్కలు చూసేవాడు ఇంకొకడు దొరక్క ఉంచుకున్నారు.

అసలు కష్టం ఛుట్టీ మీద ఇంటికొచ్చినప్పుడు. రెండేళ్లకు రెండు నెలలు.

మా భాషలో సగం మాట నోట్లో ఉంటే సగం మాట కనుబొమ్మల మీద ఉంటుంది. మేనమామ "ఎప్పుడన్న ఇంటికి రారాదు బిడ్డా" అన్నాడు. తెల్లారి ఏడు గంటలకు పోయి కూర్చున్నాను. వాళ్లు మెట్‌పల్లిలో ఎవరి ఇంటికో పోవడానికి తాళం వేస్తున్నారు. ఎవరో "జీతమెంత" అంటే "1,850 దిర్హమ్‌లు, ఓవర్‌టైమ్ వేరే" అని ఉన్నదున్నట్టు చెప్పాను. వారం తిరిగేసరికి ముగ్గురు అప్పుకొచ్చారు. పక్కింటామె "నాకేం తెచ్చినవ్ కొడుకా" అంటే "నీకేం తేలేదు పెద్దమ్మా" అన్నాను. నిజంగానే తేలేదు మరి. మా ఆమె లోపలి నుంచి పరుగున వచ్చి ఒక సబ్బు, ఒక సెంటు సీసా ఆమె చేతిలో పెట్టింది. ఆ సెంటు మా బావ కోసం తెచ్చింది. లెక్క తప్పింది కదా అని ఆ రాత్రంతా నాకు తిక్కతిక్కగా ఉంది.

తర్వాత నేనొక ఉపాయం చేశాను. పాత స్టాకు రిజిస్టర్ వెనక పేజీలో మాటలు రాసుకున్నాను. "వానలు మంచిగ పడ్డయా? పొలమెట్లున్నది? పిల్లలేం చదువుతున్నరు? మోకాళ్ల నొప్పులెట్లున్నయ్?" ఎవరైనా ఎదురైతే వరుసగా అడిగేవాణ్ణి. బాగానే నడిచింది, పెళ్లికాని మా చిన్నబాపును పిల్లలేం చదువుతున్నరని అడిగేదాకా.

ఇక పెళ్లిళ్లు. మా మరదలి పెళ్లి బరాత్‌లో డీజే డబ్బాలు నాకు నాలుగు అడుగుల దూరంలో. ఆ దెబ్బ చెవిలో కాదు, పక్కటెముకల్లో పడుతుంది. లైట్లు గిరగిరా తిరుగుతున్నాయి, ఎవడో భుజం పట్టి ఎగరమని గుంజుతున్నాడు. నేను విదిలించుకుని ఉరికాను. నీళ్ల ట్యాంకర్ వెనక చెవులు మూసుకుని కూర్చున్న నన్ను అర్ధరాత్రి వెతికి పట్టుకున్నారు. బావ రెండేళ్లు మాట్లాడలేదు. "దుబాయ్ పైసలు కండ్లు నెత్తికెక్కించినయ్" అన్నాడట. మళ్లీ దుబాయే! అక్కడ ఏం చేసినా ఇండియా వాణ్ణి, ఇక్కడ ఏం చేసినా దుబాయ్ వాణ్ణి.

2023లో మా బాబుకు ఐదేళ్లు. మాటలు తక్కువ, పిలిస్తే పలకడు, సీసా మూతలు గోడ వెంట బారుగా పేరుస్తాడు. అమ్మ తాయెత్తు కట్టించింది, కొండగట్టుకు తీసుకుపోయింది. మా ఆమె మాత్రం బస్సెక్కి కరీంనగర్‌లో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ సైకాలజిస్టు ఒక కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలడిగింది. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో తయారైన కొలత అట, మన దేశమంతా వాడతారు. మొత్తం 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్టు. మావాడికి 98.

ఆ రాత్రి ఫోన్‌లో మా ఆమె ఏడవలేదు. గొంతులో ఏదో వేరే తీరు ఉంది.

"ఇనుండ్రి. ఆ మేడం అడిగినయన్నీ మీ ముచ్చట్లే. కండ్లలకు చూస్తడా అన్నది. ఉన్నది ఉన్నట్టే ఉండాలంటడా అన్నది. చప్పుళ్లకు చెవులు మూసుకుంటడా, ఏదన్న అందరికంటె ఎక్కువ యాదికుంటదా అన్నది. నేను బాబు గురించి చెప్పుకుంట లోపల మీకు మార్కులేసుకుంట కూసున్న."

"ఎన్నొచ్చినయ్?" అన్నాను.

"గిట్ల అడుగుతరని నాకెర్కనే" అని నవ్వింది. ఎన్నో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

మరుసటి ఛుట్టీలో హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్‌కు చూపించుకున్నాను. పెద్దవాళ్లకు తేల్చాలంటే చిన్ననాటి సంగతులు చెప్పేవాళ్లు కావాలట, అమ్మను వెంట తీసుకుపోయాను. అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. డాక్టర్ ముందు కుర్చీ అంచున కూర్చుని చెప్పింది: "చాట పక్కకు కూసునేటోడు సారు. 25 బీడీల కట్ట కడితే మళ్ల ఇప్పి లెక్కవెట్టేటోడు. 40 కట్టలైతే వెయ్యి అని నాలుగేండ్లకే చెప్పిండు. తునికాకు ఈనె తిరగేసి పెడితే ఏడ్చి గత్తర చేసేటోడు. పిల్లలతోని ఆడుకో పో అంటే పోకపోయేది. మంచి బుద్ధిమంతుడని సంబురపడ్డ." అంతా చెప్పి, కాసేపటికి "నాది తప్పయిందా సారు?" అంది. తప్పేం లేదమ్మా, పుట్టుకతో వచ్చేదని ఆయన చెప్పాడు. నాలాంటివాళ్లను 2013కు ముందు ఆస్పర్జర్ అని విడిగా పిలిచేవారట, ఇప్పుడంతా కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ అంటున్నారు. నేను బడికి పోయిన రోజుల్లో, 1995 చట్టంలో వైకల్యాలు ఏడు రకాలే, అందులో ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 రకాలయ్యాయి, ఇది చేరింది. అంటే నేను చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరికీ ఆ మాట తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు.

తిరుగు బస్సులో అమ్మ సిద్దిపేట దాకా మాట్లాడలేదు. ఆ తర్వాత నా చేయి పట్టుకోబోయి, మళ్లీ ఏమనుకుందో, తన కొంగు చివర నా చేతికిచ్చింది. చిన్నప్పుడు నేను అదే పట్టుకుని నడిచేవాణ్ణి.

ఇప్పుడు మా ఆమె ఇంటికి రమ్మంటోంది, ఒకేసారి, ఛుట్టీ మీద కాదు. బాబుకు స్పీచ్ థెరపీకి వారానికి రెండుసార్లు కరీంనగర్ తిరగడం ఆమె ఒక్కదానితో అయ్యే పని కాదు. నాకు భయం ఉద్యోగం గురించి కాదు. రెండు నెలల చుట్టానికి అన్నీ చెల్లుతాయి. "పాపం, పరాయి దేశంలో ఉండి అలవాటు తప్పిండు" అని సర్దుకుంటారు. ఒకసారి ఇక్కడి మనిషినైతే ఆ సాకు ఉండదు. సాకు లేకుండా మా వాడకట్టులో బతకడం నేనెప్పుడూ చేసి చూడలేదు.

రోజూ రాత్రి అక్కడ తొమ్మిదికి, ఇక్కడ పదిన్నరకు, బోటిమ్ యాప్‌లో వీడియో కాల్. మావాడు నా ముఖం చూడడు. ఫోన్‌ను నేల మీద వెల్లకిలా పెడతాడు. నాకు మా ఇంటి సీలింగ్ ఫ్యాను కనిపిస్తుంది. ఇద్దరం ఇరవై నిమిషాలు ఫ్యాను చూస్తాం. ఎవరికీ విసుగు రాదు.

మొన్నటి ఛుట్టీలో మా బావ కూతురి పెళ్లి. ఈసారి మా ఆమే ముందు రోజు పోయి చెప్పి వచ్చింది: "తాళి కట్టేదాక ఉంటరు, బువ్వ తింటరు, బరాత్‌కు ఉండరు. అలిగెటోళ్లు ఇప్పుడే అలుగుండ్రి." బావ ఏమన్నాడని అడిగాను. తల గోక్కున్నాడట. "వానికి బగారన్నం ముందే పెట్టిస్త" అన్నాడట.

డీజే మొదలవకముందే బాబును చంకనేసుకుని బయటపడ్డాను. ఫంక్షన్ హాలు ఎదురుగానే బస్టాపు. బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. బస్సు రాగానే వాడు అద్దం వైపు కాకుండా డిపో పేరు రాసి ఉన్న చోటుకు చూస్తున్నాడు. చదవడం వచ్చో, ఆ అక్షరాల ఆకారం గుర్తుండో తెలియదు. మొదటి బస్సుకు నేను "జగిత్యాల" అన్నాను. రెండోదానికి "కోరుట్ల" అన్నాను. మూడోది ఆగి, మనుషుల్ని దించి, కదులుతుండగా వాడు బస్సు వైపు వేలు పెట్టి, మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి, "మెట్‌పల్లి" అన్నాడు.

"అవును, మెట్‌పల్లి" అన్నాను. నాలుగో బస్సు కోసం చూస్తూ కూర్చున్నాం.