గుట్ట మట్టి పలక మీదికి: అమ్రాబాద్ వాలు, మూడో పలక దాకా

పని ఇది: పైన రాలిన ఆకు నుంచి కింద రాయి తగిలేదాకా నేల పొరలను ఉన్న వరసలోనే చెక్క పలకకు అతికించి గోడకు తగిలించడం. చెల్క పొలం (ఎర్ర ఇసుక నేల) మట్టితో మొదటిసారికే కుదురుతుంది. గుట్ట మట్టి అలా లొంగదు, దాంట్లో సగం రాయే. మొదటి రెండు పలకలూ చెడిపోయాయి. ఎందుకు చెడ్డాయో చూస్తే ఆ మట్టి గుణమే బయటపడింది కాబట్టి అంతా రాసి పెడుతున్నాం.

చోటు, కాలం

నల్లమలలో అమ్రాబాద్ వైపు, అచ్చంపేట నుంచి మన్ననూర్ పోతుంటే వచ్చే గుట్టల అడుగున ఒక పట్టా భూమి. బండ్ల బాట కోసం జేసీబీ కోసిన గోడ అప్పటికే ఉంది, కొత్తగా గుంత తవ్వే పని లేదు. పట్టాదారును అడిగే తీశాం. రిజర్వు ఫారెస్టు లోపల తట్టెడు మట్టి కూడా ముట్టుకోవద్దు, అది నేరం.

ఇక్కడ పైన శ్రీశైలం క్వార్ట్‌జైట్, దాని కింద పాత గ్రానైట్. క్వార్ట్‌జైట్ అంటే దాదాపు అంతా సిలికానే. అరిగితే ఇసుక, పెంకుల్లాంటి రాళ్లు వస్తాయి తప్ప బంక రాదు, చెట్టుకు తిండీ రాదు. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కుళ్లితే బంక పుడుతుంది, ఇనుము తుప్పు పట్టి ఎరుపు ఇస్తుంది. అందుకే వాలు పైన మట్టి పలచన, గరుకు. అడుగుకు వచ్చేకొద్దీ లోతు, బంక పెరుగుతాయి. చెట్లు చూసినా తెలుస్తుంది: రాతి మీద నారయేపి, చిరుమాను నిలబడతాయి, తడి నిలిచే లోతు నేలలో నల్లమద్ది ఎక్కువ.

నవంబరు చివర, డిసెంబరు మొదట్లో తీయాలి. వానల్లో ఎర్ర పొర తాపీకి అంటుకుని వదలదు. ఎండాకాలంలో అదే పొర గడ్డపారకు కూడా లొంగనంత బిగుసుకుంటుంది. చేత్తో నొక్కితే గడ్డ కట్టాలి, చేతికి అంటకూడదు. ఆ తడి చాలు.

పొరలు, చూసింది చూసినట్టు

గోడను బెత్తెడు లోపలికి చెక్కి తాజా ముఖం తీసి, టేపు వేలాడదీసి కొలిచాం.

0–2 సెం.మీ. ఆకు తుక్కు. తునికి, టేకు, నల్లమద్ది ఆకుల ఈనెలే మిగిలాయి. ఇది పలచగా ఉండడం సహజమే. ఆకు రాలేది ఫిబ్రవరి నుంచి, వానలు ముగిసేసరికి చెదలు, బూజు తినేస్తాయి. ఏప్రిల్‌లో చూస్తే ఇదే చోట మడమ మునుగుతుంది, మంట పడితే బూడిదే.

2–11 సెం.మీ. ముదురు గోధుమ రంగు, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలే గింజ మట్టి. సన్న వేర్లన్నీ ఇక్కడే.

11–38 సెం.మీ. ఎరుపు. పైదానికన్నా బంక ఎక్కువ. మధ్యలో అడ్డంగా రాళ్ల వరస, పైనుంచి దొర్లి వచ్చిన క్వార్ట్‌జైట్ ముక్కలు.

38–70 సెం.మీ. మొరం. కుళ్లిన గ్రానైట్, తెల్ల మచ్చలతో. గోటితో గీస్తే తెల్ల మచ్చ పిండిలా రాలుతుంది, పక్కనే ఉన్న పలుగురాతి గింజకు గీత కూడా పడదు. దాని కింద బండ. బండ సందులోకి బొటనవేలంత వేరు ఒకటి దిగింది.

మన బడి పుస్తకాల్లో అడవి, పర్వత నేలలంటే చల్లగా, పుల్లగా ఉండే హిమాలయ మట్టినే చెబుతారు. మన గుట్టలకు అది సగమే సరిపోతుంది. పై వాలులో గరుకు, కింది వాలులో మెత్తన అన్నది నిజం. పుల్లదనం మాత్రం ఇక్కడ స్వల్పం: పేపరు పరీక్షలో పీహెచ్ 6.5 దగ్గర ఆగింది (7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు). వెనిగర్ పోస్తే ఏ పొరలోనూ నురగ రాలేదు, అంటే సున్నం లేదు.

పరీక్షలు

ఎర్ర పొర మట్టి 1 కిలో నీడలో ఆరబెట్టి, గడ్డలు నలిపి, 2 మి.మీ. జల్లెడ పట్టాం. పైన మిగిలిన గరుసు 560 గ్రాములు, దిగిన మెత్తని మట్టి 440. ఇక్కడ చాలామంది పొరబడతారు. బరువులో గరుసు 56 శాతం అయినా, చోటు లెక్క వేరు. రాయి ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు తూగుతుంది, మెత్తని మట్టి సుమారు 1.4. లెక్క కడితే గరుసు ఆక్రమించేది 40 శాతం చోటు. నీళ్లు పట్టేది, ఎరువు నిలిపేది మిగతా 60 శాతమే. భూసార పరీక్షకు ఇచ్చే మట్టి కూడా ఇలా జల్లెడ పట్టినదే, కాబట్టి గుట్ట నేలకు కార్డులో వచ్చిన అంకెను అలాగే నమ్మితే ఎక్కువ లెక్క వేసుకున్నట్టే.

తడి మట్టిని బొటనవేలితో రిబ్బన్‌లా నొక్కితే పై పొర 2 సెం.మీ. లోపే తెగింది. ఎర్ర పొర 4 సెం.మీ. సాగింది, అంటే దాంట్లో బంక ఎక్కువ.

అన్నిటికన్నా చూడాల్సింది నీటి పరీక్ష. రెండు గాజు గ్లాసులు, రెండిట్లోనూ జల్లెడ ముక్క మీద కుంకుడు గింజంత ఎండు గడ్డ. ఒకటి చెట్ల కింది గోధుమ పొర, రెండోది బాట కోసం పై పొర గీకేసిన చోట బయటపడ్డ ఎర్ర మట్టి. ఎర్ర గడ్డ బుడగలు వదులుతూ అంచుల నుంచి విరిగి, మూడు నిమిషాల్లో నీళ్లంతా ఎర్రగా చేసింది. గోధుమ గడ్డ గంట తర్వాత కూడా వేరు పోగులతో సహా అలాగే కూర్చుంది, నీళ్లు తేట. దాన్ని పట్టి ఉంచేది బంక కాదు, కుళ్లిన ఆకు జిగురు, బూజు పోగులు. ఆ తొమ్మిది సెంటీమీటర్లు గీకేస్తే మొదటి వానకే వాగు ఎర్రబడేది ఇందుకే.

మొదటి పలక: చెడింది

గోడ ముఖానికే పల్చని ఫెవికాల్ కొట్టి, బ్యాండేజి గుడ్డ అంటించి, ఆరాక ఊడదీయడం. ఇసుక నేలకు బాగా పనిచేసే పద్ధతి. ఇక్కడ రాళ్ల వరస దగ్గర గుడ్డ చినిగింది. అరచేతి కన్నా పెద్ద రాయి గుడ్డతో రాదు, రాకపోగా చుట్టూ ఉన్న మట్టిని కూడా లాగి పడేస్తుంది. రాతి శాతం ఎక్కువ ఉన్న నేలకు ఈ దారి వద్దు.

రెండో పలక: సగం చెడింది

12 మి.మీ. ప్లైవుడ్, 15 × 75 సెం.మీ., చుట్టూ 2 సెం.మీ. ఎత్తు బీడింగ్ (అంచు పట్టీ). ఒక్కో పొరను గడ్డలుగా తెచ్చి లోతు కొలత ప్రకారం పేర్చాం. అడుగున ఫెవికాల్ 2 మి.మీ. మందం, పావు కిలో పట్టింది. ఇంతవరకు సరే. పైన ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపి స్ప్రే చేస్తే ఆకు తుక్కు మీద చుక్కలు ముత్యాల్లా దొర్లి కిందికి కారాయి. ఎండిన అడవి తుక్కుకు మైనం గుణం ఉంటుంది, నీళ్లను వెంటనే పీల్చదు. కారిందంతా ఎర్ర పొర మీద చేరి తెల్లటి పొరగా ఆరింది. రెండు వారాలకు తుక్కులో బూజు కూడా.

మూడో పలక: నిలిచింది

మార్చినవి ఇవి. స్ప్రే నీళ్లలో లీటరుకు నాలుగు చుక్కలు గిన్నెల సబ్బు. ఒకేసారి కాకుండా ఐదు పలుచని పూతలు, మధ్యలో ఒక్కో రోజు ఆరబెట్టాలి, పలకను పడుకోబెట్టే ఉంచాలి. పెద్ద రాళ్లను ముందే అరాల్డైట్ (రెండు ట్యూబుల గట్టి జిగురు)తో చెక్కకు అంటించి, చుట్టూ మట్టి నింపాలి.

చెదలు, గుడ్లు తగ్గాలంటే మట్టిని నల్ల పాలిథిన్‌లో చుట్టి మూడు రోజులు ఎండలో పెట్టడమే. పెనం మీద వేయించొద్దు. పసుపు ఛాయ ఉన్న ఇనుము వేడికి ఎర్రగా మారుతుంది, ఆకు మట్టి కాలి రంగు పోతుంది, పలక అబద్ధం చెబుతుంది. అడవిలో కాలిన మొద్దు కింద ఇటుక రంగు మచ్చ కనిపించేది ఇదే కారణంతో.

ఆరాక ఎర్ర పొరలో వెంట్రుకంత బీటలు రెండే వచ్చాయి. ఈ బంక ఎక్కువగా కయోలినైట్ జాతి, ఉబ్బడం కుంచించుకోవడం తక్కువ. నల్లరేగడిని ఇలాగే పేరిస్తే పలకంతా వేలు దూరే బీటలు పడతాయి.

మొత్తం బరువు నాలుగున్నర కిలోలు. గోడకు మేకు చాలదు, 8 నంబరు స్క్రూలు రెండు, ప్లగ్గులతో.

పై రెండు సెంటీమీటర్ల చోటు ఇంకా ఖాళీగా ఉంది. ఆ తుక్కు మార్చి నెలాఖరున తెచ్చి అంటించాలి, అప్పటి మందం కూడా టేపుతో కొలిచి పలక పక్కన రాయాలి.