లెనిన్ సెంటర్‌లో లక్నో, సాయంత్రం కొండపల్లి

గుంటూరులో పొద్దున్నే బస్సెక్కి బెజవాడ వెళ్లింది పాత పిక్చర్ పోస్టుకార్డుల కోసం, అందులోనూ నాకు కోటలు, బురుజులు, ఫిరంగులు ఉన్నవే కావాలి. మా బావమరిది బండి మీద బస్టాండుకి వచ్చి "ఈ అట్టముక్కల కోసం ఇంత ఎండలోనా బావా" అని ఒకటే నవ్వు.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఎటు చూసినా గైడ్లు, ఎంసెట్ మెటీరియలే, ఒక పెద్దాయన మాత్రం నేను అడగ్గానే లోపల్నుంచి బిస్కెట్ డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. లక్నో రెసిడెన్సీ (బ్రిటిష్ దొరల పాత బంగళాల శిథిలాలు), ఢిల్లీ కశ్మీరీ గేటు, వేలూరు కోట కందకం! నేను ముందు బొమ్మ చూడను, వెనక్కి తిప్పుతా. బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డు తల ఉన్న స్టాంపయితే 1902 నుంచి 1911 మధ్యదని సుమారుగా అనుకోవచ్చు, పైన ముద్ర సరిగ్గా పడితే తేదీ కూడా దొరుకుతుంది. ఇంగ్లండులో 1902 దాకా కార్డు వెనకంతా అడ్రసుకే, ఉత్తరం బొమ్మ పక్కన ఇరికించి రాయాల్సిందే, ఆ తర్వాతే వెనక సగం ఉత్తరానికి వదిలారు. భూతద్దం పెడితే చుక్కలు కనిపించాయంటే ప్రెస్సులో అచ్చు, కనిపించకపోతే అసలు ఫొటో అయ్యుండొచ్చు, రేటు అక్కడే మారిపోతుంది.

"బాబాయ్, మన కొండపల్లిది లేదా?" అంటే "ఎవరడిగారు బాబూ ఇన్నాళ్లూ" అన్నాడు. నాకనిపించేదేంటంటే ఆ కార్డులు ఎక్కువగా కొని ఇంటికి పంపింది తెల్లవాళ్లే, లక్నోలో 1857లో నెలల తరబడి ముట్టడి, కశ్మీరీ గేటు అదే ఏడు సెప్టెంబరు 14న వాళ్ల సైన్యమే మందుగుండుతో పేల్చింది, వేలూరులో 1806 సిపాయిల తిరుగుబాటు, అన్నీ వాళ్ల వాళ్లు పోయిన చోట్లే. కొండపల్లిని కంపెనీ సైన్యం 1766లోనే పట్టుకుంది గానీ ఇంటికి రాసుకునేంత కథ వాళ్లకి అక్కడ లేదేమో.

బేరమాడి వేలూరు కార్డు ఒక్కటే తీసుకున్నా, లక్నోది మూల చిరిగింది, పైగా రేటు దానికే ఎక్కువ.

అక్కణ్ణుంచి కొండపల్లి. ఊళ్లో బొమ్మల షాపులు దాటి అడవిలోంచి ఘాట్ రోడ్డెక్కితే రెడ్డిరాజులు 14వ శతాబ్దంలో కట్టించిన కోట, తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు, ఎన్ని చేతులు మారిందో. దర్గా దర్వాజా దగ్గర నిలబడి చూస్తే, ఇంత మంచి యాంగిల్ ఏ ఫొటోగ్రాఫరూ ఎలా వదిలేశాడా అనిపించింది, లక్నో శిథిలాల కన్నా ఇదే బావుంది, నిజంగా.

మీ తాతల ట్రంకు పెట్టెల్లో కొండపల్లిదో కొండవీడుదో పాత కార్డుంటే చెప్పండి, అమ్మకపోయినా పర్లేదు, వెనక స్టాంపు ఒకసారి చూసిస్తా.