హాయెనాలో రోజుకు 900 మందే

హవాయిలోని కవాయి దీవి ఉత్తర తీరంలో హాయెనా పార్కుకి వెళ్లేది ఒకే ఇరుకు రోడ్డు. రోజుకు 2,000 మందికి పైగా వచ్చేవారు. పార్కింగ్ నిండితే కార్లన్నీ రోడ్డు పక్కనే, ఊరివాళ్లకు కదిలే దారే ఉండేది కాదు. 2018 ఏప్రిల్ వరదలకు ఆ రోడ్డు దెబ్బతింది. 2019 జూన్‌లో 900 మంది పరిమితితో పార్కు మళ్లీ తెరిచారు. బయటివాళ్లు ముందే బుక్ చేసుకోవాలి, 30 రోజుల ముందు నుంచి వీలుంటుంది. హవాయి రాష్ట్రవాసులకు ఆ అవసరం లేదు. షటిల్ బస్సులు, పార్కింగ్ చూసేది స్థానిక సంఘాలే. నాకు బాగా నచ్చింది ఇదే!

ఇంకో తీరంలో ఇలాంటి పరిమితి పెట్టాలంటే టికెట్లు, బస్సు సీట్లు, పార్కింగ్ చోట్లు ఒకే లెక్కలో ఉండాలి. గేటు దగ్గరే ఆపితే వెనుదిరిగిన కార్లు పక్క బీచ్ మీద పడతాయి. చేపలవేట ఎక్కడ, ఏ వేళల్లో సాగుతుందో ఊరివాళ్లనే అడిగి, ఆ తర్వాతే సంఖ్య తేల్చాలి.