కొత్త హెడ్‌ఫోన్లు, నాన్నగారి రేడియో

సాయంత్రం ఫోనులో పెద్దాడు "ఇంకొన్నాళ్లు వినమ్మా, అలవాటైపోతుంది" అన్నాడు. భోజనాలయ్యాయి, అత్తయ్యగారి మందులయ్యాయి, ఇంట్లో అందరూ పడుకున్నారు, ఆ మాట మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు. వాడు ప్రేమగానే అన్నాడు. జీతంలోంచి అంత మొత్తం పెట్టి కొని పంపిన ఈ హెడ్‌ఫోన్లు అమ్మకు నచ్చాలని వాడికి ఉండడం సహజమే. నా అభ్యంతరమల్లా అలవాటు మీదనే. ధ్వని బాగుంటే మొదటిసారే బాగుండాలి. బాగులేనిది వినగా వినగా బాగైపోయిందంటే, అక్కడ బాగుపడినది ధ్వని కాదు, చెవి సహించడం నేర్చుకున్నదని అర్థం. ఆ సహనాన్ని మెరుగు అని ఎందుకు అనుకోవాలో నాకు బోధపడడం లేదు.

నాకేమి వినిపిస్తున్నదో ముందు రాస్తాను. పాత టేపునుంచి తీసిన బాలమురళీకృష్ణగారి కీర్తన ఒకటి నేను రోజూ వింటాను. అందులో ప్రతి పంక్తికీ కనీసం ఒక "స" కారమో "శ" కారమో ఉంటుంది. కొత్త హెడ్‌ఫోన్లలో ఆ అక్షరం వచ్చినప్పుడల్లా కంట్లో ఇసుక రేణువు పడినట్లు చెవిలో గుచ్చుకుంటున్నది. పల్లవి రెండోసారి అందుకునే ముందు ఆయన ఊపిరి తీసుకోవడం, పెదవులు విడివడేటప్పటి చిన్న తడి చప్పుడు, వయొలిన్ కమాను తిరగవేసేటప్పుడు తీగమీద రాపిడి, ఇవన్నీ పాటకన్నా ముందుకు వచ్చి నిలబడుతున్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా తంబుర. ఇన్నేళ్లూ ఆ పాట వెనుక అది ఉన్నదనే స్పృహే తప్ప ప్రత్యేకంగా విన్నది లేదు. ఇప్పుడు ఆ తీగల జుమ్మనే నాదం రెండు చెవుల చుట్టూ ముసురుకుని గాయకుడి గొంతును పల్చన చేస్తున్నది. నాకు తెలిసిన ఆ గుండ్రని, నిండైన గొంతు ఏమైందని నా బాధ.

ఈ బాధ చెప్పుకుంటే వచ్చిన సలహాలు నన్ను ఇంకా విసిగించాయి. మావారి స్నేహితుడొకాయన, కొత్త హెడ్‌ఫోన్లను 200 గంటలపాటు సొరుగులో పెట్టి ఏదో ఒక చప్పుడు ఆపకుండా మోగించాలనీ, అప్పుడుగాని లోపల అదిరి ధ్వని పుట్టించే పొర సాగి అసలు ధ్వని బయటికి రాదనీ ఘంటాపథంగా చెప్పారు. నిజంగా కొలిచి చూసినవారికి కనిపించిన మార్పు అత్యల్పం. తలమీద హెడ్‌ఫోన్లను వేలెడు ముందుకో వెనక్కో జరిపితే వచ్చే తేడా అంతకన్నా ఎక్కువ. వాడగా వాడగా నిజంగా మారేవి చెవుల చుట్టూ ఆనే మెత్తలు. అవి అణిగేకొద్దీ చెవికీ లోపలి పొరకూ మధ్య దూరం తగ్గుతుంది, దానితో ధ్వని కొంత మారుతుంది. ఈ సంగతి ఆయనతో మర్యాదగానే చెప్పాను. "మీరు వినండమ్మా, మీకే తెలుస్తుంది" అని నవ్వి ఊరుకున్నారు. తెలిసినవారు తెలియనివారికి సర్దిచెప్పేటప్పటి నవ్వు అది. నా చెవికి తగిలిన నొప్పికి కారణం అడిగితే ఓపిక పట్టమనడమే జవాబెలా అవుతుంది? పెద్దాడి మాటా, ఆయన మాటా చివరికి ఒక్కటే. ఒకరు యంత్రానికి అలవాటు కావాలంటారు, మరొకరు నాకు కావాలంటారు. రికార్డులో ఏమున్నది, చెవికి ఏమి చేరుతున్నది అని అడిగినవారు ఒక్కరూ లేరు.

పైగా ఇవి వెనుకభాగం తెరిచి ఉన్న రకం. ఈ పద్ధతి హెడ్‌ఫోన్లను మొదట మార్కెట్లోకి తెచ్చింది జర్మనీలోని సెన్‌హైజర్ కంపెనీ, 1968లో, హెచ్‌డి 414 పేరుతో. వెనుకనుంచి గాలి ఆడుతుంది కాబట్టి ధ్వని మూసిన డబ్బాలో చిక్కుకున్నట్లు ఉండదన్నది దీని సుగుణం. నిశ్శబ్దమైన గదుల్లో అది సుగుణమే. విజయవాడ సత్యనారాయణపురంలో, మూడో అంతస్తులో, ఈ ఉక్కపోతలో ఫాను ఆపి పాట వినడం అయ్యే పని కాదు. ఫాను వేస్తే దాని గాలి చప్పుడంతా పాటలోకి వచ్చేస్తుంది. లోపలి పాట బయటికీ వెళుతుంది. "పాట పెడితే పెట్టు, లేకపోతే మానెయ్యి, ఈ సగం సగం గొణుగుడేమిటమ్మా" అని అత్తయ్యగారు నిన్న మంచంమీదనుంచే అడిగారు. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉన్నది.

ఇంతకీ నాకు తెలిసిన ఆ గుండ్రని గొంతు ఎక్కడినుంచి వచ్చింది? ఇది ఆలోచించబోతే కృష్ణలంకలో మా చిన్నప్పటి ఇల్లు కళ్లముందుకు వచ్చింది. ముందుగదిలో గోడకు కొట్టిన చెక్క స్టాండు మీద నాన్నగారి వాల్వు రేడియో ఉండేది. మీట తిప్పిన వెంటనే పలికేది కాదు. లోపల వాల్వులు, అంటే గాజు గొట్టాలు, వేడెక్కేదాకా ఆగాలి. ముందు స్టేషన్ల పేర్లు రాసి ఉన్న అద్దం వెనుక పసుపుపచ్చని దీపం వెలిగేది, తర్వాత సన్నని హోరు, ఆ హోరులోంచి మెల్లగా గొంతు తేలేది. స్పీకరు మీది గుడ్డ ఒకప్పుడు బంగారు రంగుదట. నాకు గుర్తున్నప్పటికి కుడివైపు కింది మూల గోధుమరంగుకు తిరిగి, దానిమీద అమ్మ పసుపు చేతి వేలిముద్ర ఒకటి ఉండేది. రేడియో తుడిచే పని నాది, ఆ ముద్రను తుడవకూడదన్నది కూడా నా నియమమే. ఎందుకో అడిగితే అప్పుడూ చెప్పలేకపోయేదాన్ని. ధ్వనిని సరిచేసే మీటను నాన్నగారు పూర్తిగా ఎడమకు తిప్పి ఉంచేవారు, అంటే సన్నని ధ్వనులు తగ్గి మందమైనవి నిలిచేలా. మా అన్నయ్య దొంగతనంగా దాన్ని కుడికి తిప్పితే, ఆయన దొడ్లో పళ్లు తోముకుంటూనే పసిగట్టి "ఎవడ్రా ముట్టుకున్నది?" అని కేక వేసేవారు. పొద్దున్నే భక్తిరంజని వస్తున్నప్పుడు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. బావి దగ్గర చేద వేసేవాళ్లు కూడా నెమ్మదిగా వెయ్యాలి. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఆయనకు ఇంటి మనిషి వంటిది. బందరు రోడ్డున వెళుతూ పున్నమ్మతోట రాగానే రిక్షా కాసేపు ఆపించి, "బాలమురళి ఇక్కడే పనిచేశాడు" అని, ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెబుతున్నట్లే చెప్పేవారు. నేను బాలమురళిగారి గొంతు అని ఈనాటికీ దేన్ని అనుకుంటున్నానో అది ఆ చెక్కపెట్టెలోంచి వచ్చినది.

ఇక్కడికి వచ్చేసరికి నా వాదన నాకే నిలబడడం మానేసింది. ఆ రేడియో ప్రసారాలు వచ్చే మీడియం వేవులో స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జులు, అంటే సెకనుకు 9000 కంపనాలు. అందులో ఒక్కొక్క పక్కకు దక్కేది సగమే కాబట్టి సుమారు 4500 హెర్ట్జులు దాటిన సన్నని ధ్వని ఆ రేడియోల్లోంచి దాదాపు రానట్టే. "స" అక్షరం బలం చాలావరకు దానికి పైనే ఉంటుంది, "శ" అక్షరానిది కొంత. తంబుర జుమ్ములో కూడా కొంత అక్కడిదే. మిగిలినదాన్ని కూడా నాన్నగారు మీట తిప్పి ఇంకా మెత్తబరిచారు. అంటే నేను పోగొట్టుకున్నాననుకుంటున్న గొంతు కూడా ఒక యంత్రం చేసి ఇచ్చినదే, దానికి నేను అలవాటు పడినదాన్నే. చిన్నతనంలో పడిన అలవాటు కాబట్టి అది అలవాటని తోచలేదు.

సరే, మరి అసలు ధ్వని ఎలా ఉంటుంది? తుమ్మలపల్లి కళాక్షేత్రంలో విన్న కచేరీలు సాక్ష్యానికి పనికిరావు, అక్కడా మధ్యలో మైకులూ స్పీకర్లూ ఉన్నాయి. ఇవేవీ లేకుండా నేను విన్నది మా సంగీతం మేష్టారిగారింట్లో. తంబుర మీటే వంతు నాకు వచ్చినప్పుడు కాయకు చెవి దగ్గరగా పెట్టి కూర్చునేదాన్ని. గుర్రానికీ (తీగలు ఆనే చెక్కముక్క) తీగకూ మధ్య పెట్టే నూలుపోగును మేష్టారు గోటితో వెంట్రుకవాసి జరుపుతుంటే, అప్పటిదాకా మొద్దుగా మోగిన తీగ ఉన్నట్టుండి జుమ్మని విచ్చుకునేది. సరిగ్గా ఈ హెడ్‌ఫోన్లు వినిపిస్తున్నది ఆ జుమ్మునే. ఈ మాట ఒప్పుకోక తప్పదు. తంబుర విషయంలో ఇవి నిజం చెబుతున్నాయి, రేడియో దాచింది.

"స" కారం సంగతి వేరు. మేష్టారు ఎదురుగా కూర్చుని పాడినా ఆ అక్షరం ఏనాడూ గుచ్చుకోలేదు, ఎందుకంటే మా మధ్య రెండు మూడు బారల దూరం ఉండేది. రికార్డింగులో మైకు గాయకుడి నోటికి జానెడు దూరంలో ఉంటుంది. లోకంలో ఏ శ్రోతా కూర్చోని చోట చెవిని కూర్చోబెట్టి, ఆ మైకు విన్నదంతా నన్ను వినమంటున్నారు. దీనికి తోడు మన చెవి డొప్పా, చెవి గొట్టమూ కలిసి 3000 హెర్ట్జుల ప్రాంతంలో ధ్వనిని బాగా పెంచుతాయి. ఆ పెంపు ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు. హెడ్‌ఫోన్లు చేసేవారు సగటు చెవిని దృష్టిలో పెట్టుకుని చేస్తారు, నా చెవి ఆ సగటుకు ఎంత దూరమో వారికి తెలిసే వీలు లేదు. కాబట్టి నా ఫిర్యాదులో సగం కొట్టుకుపోయినా సగం మిగిలే ఉన్నది.

మధ్యాహ్నం చిన్నాడి చేత ఒక పని చేయించాను. కంప్యూటరులో సన్నని, మందమైన ధ్వనులను విడివిడిగా పెంచే తగ్గించే ఈక్వలైజరు పెట్టి, 4500 హెర్ట్జులకు పైనున్నదంతా కోసేసి అదే కీర్తన వినిపించమన్నాను. గుచ్చుకోవడం పోయింది, తంబుర వెనక్కి వెళ్లిపోయింది. అయినా నాన్నగారి రేడియో రాలేదు. గొంతు కంబళి కప్పుకున్నట్లున్నది తప్ప గుండ్రబడలేదు. ఎందుకని చాలాసేపు ఆలోచించాను. రేడియోలో గొంతు ముందుగదిలో, ఆ మూలన, స్టాండు ఎత్తున నిలబడేది. వంటింట్లోంచి ఒకలా, పెరట్లోంచి ఒకలా వినబడేది. నేను తల తిప్పినా అది తన చోటు వదిలేది కాదు. హెడ్‌ఫోన్లలో గొంతు నా తలలోపల, రెండు చెవుల నడుమ ఉన్నది. నేను ఎటు తిరిగితే అటు తిరుగుతున్నది.

దీనికి కూడా అలవాటు పడతానా? 1998లో నెదర్లాండ్స్‌లోని నైమేగన్ విశ్వవిద్యాలయంవారు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరి చెవి డొప్పల్లో అచ్చులు అమర్చి వాటి ఆకారం మార్చేశారు. ధ్వని పైనుంచి వస్తున్నదో కిందనుంచి వస్తున్నదో వారికి మొదట తెలియలేదు. కొన్ని వారాల్లో కొత్త చెవులతో మళ్లీ గుర్తుపట్టడం నేర్చుకున్నారు. నాకు ఊరట కలిగించినది ఆ తర్వాతి సంగతి: అచ్చులు తీసేయగానే పాత వినికిడి వెంటనే చెక్కుచెదరకుండా పనిచేసింది. కొత్తది నేర్చుకుంటే పాతది చెరిగిపోతుందన్న నా భయానికి ఇది సూటి జవాబు కాకపోవచ్చు, అక్కడ వారు చూసినది దిక్కును, ధ్వని రంగును, అంటే అది మెత్తగా ఉన్నదా పదునుగా ఉన్నదా అన్నదాన్ని కాదు. అయినా మెదడు రెండింటినీ పక్కపక్కన దాచుకోగలదని తెలిశాక, మూడు రోజులుగా నాలో ఉన్న పెనుగులాట చాలావరకు తగ్గింది.

అయితే ఆ మనుషులు కొత్త చెవులతో ఇంట్లో తిరిగారు, వీధిలో తిరిగారు. చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో కంటితో చూసి, తల తిప్పి సరిచూసుకునే అవకాశం వారికి ఉన్నది. హెడ్‌ఫోన్లలో సరిచూసుకోవడానికి ఏమున్నది? ధ్వని తలతోపాటే తిరుగుతుంటే అది ఎక్కడ ఉన్నదో మెదడుకు చెప్పేవారెవరు? కాబట్టి ధ్వని రంగు వరకు పెద్దాడి మాట నిజమవుతుందనీ, చోటు విషయంలో ఎన్నేళ్లు విన్నా కాదనీ నా నమ్మకం.

రేపు వాడికి ఫోను చేసి, వెనక్కి పంపవద్దని చెబుతాను. తంబురను ఇంత దగ్గరగా వినిపించినవాటిని పంపడానికి మనసొప్పదు. 6000 హెర్ట్జుల దగ్గర మూడు డెసిబెళ్లు తగ్గించి ఉంచమని చిన్నాడికి చెప్పాను, "స" కారానికి అది చాలునేమో చూడాలి. పొద్దుటి భక్తిరంజని మాత్రం హాల్లో చిన్న స్పీకరులోనే పెడతాను. అత్తయ్యగారికి మొత్తం పాట వినబడుతుంది.