తూటాల కౌంటర్‌లో నా ఉద్యోగం

సెలవుకి విశాఖ వచ్చిన మర్నాడే పెదనాన్న కోప్పడ్డారు. "ఏరా, ఇంత చదివించింది అమెరికా వెళ్లి తూటాలు అమ్ముకోడానికా?" ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఉంటారాయన. నేవీ ఆయుధాలు, మందుగుండు దాచే నేవల్ ఆర్మమెంట్ డిపోలో చేసి రిటైరయ్యారు. "మేము దేశం కోసం లెక్క రాసి దాచాం. నువ్వు దారిన పోయేవాడికి అమ్ముతున్నావు" అన్నారు. పెద్దాయనకి ఎదురు చెప్పలేకపోయాను. ఇక్కడైనా చెప్పుకోవాలనిపిస్తోంది.

టెక్సాస్‌లో వేట సామాన్లు, గాలాలు అమ్మే పెద్ద షాపులో నాది తూటాల కౌంటర్. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్, షాట్‌గన్ తూటాలు కొనేవాళ్లకి 18 ఏళ్లు, పిస్టల్ తూటాలకి 21 ఏళ్లు నిండాలి. గుర్తింపు కార్డు చూసి ఇచ్చేస్తాం. మన దగ్గరలా లైసెన్సు అడగరు. కానీ పెదనాన్న అనుకున్నట్టు నా పని పెట్టెలు అందించడం ఒక్కటే కాదు. "ఇది మీ తుపాకీకి పనికిరాదండీ" అని చెప్పడంలోనే సగం రోజు గడిచిపోతుంది.

రైఫిల్ తూటాల సైజులు చెప్తూ ".223, 5.56 రెండూ ఒకటే కదా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. పైకి ఒకేలా ఉంటాయి, తేడా రైఫిల్ ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో ఉంది. 5.56 నాటో రైఫిల్‌లో .223 రెమింగ్టన్ నిక్షేపంగా వాడొచ్చు. .223 అని మాత్రమే ముద్ర ఉన్నదాంట్లో 5.56 పేలిస్తే ఒత్తిడి హద్దు మీరొచ్చు. .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ వాడొచ్చు, .38 రివాల్వర్‌లో .357 కుదరదు. "9 ఎంఎం ఇవ్వు" అంటే కూడా లూగరా, మకరోవా అని అడగాల్సిందే, రెండూ వేరు వేరు తూటాలు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేవి షాట్‌గన్ తూటాలు. గేజ్ అంటే తుపాకీ గొట్టం (బారెల్) వెడల్పు కొలత. ఆ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది, అంటే 12 కన్నా 20 చిన్నది. 12 గేజ్ తుపాకీలో పొరపాటున 20 గేజ్ తూటా వేస్తే ఛాంబర్ దాటి జారి, బారెల్ మొదట్లో ఇరుక్కుంటుంది. ఖాళీగా ఉందనుకుని వెనకాల 12 పెట్టి ట్రిగ్గర్ నొక్కితే బారెల్ పగిలిపోతుంది, అదీ ఎడమ చెయ్యి పట్టుకునే చోటుకి దగ్గర్లో. అందుకే అక్కడ 20 గేజ్ తూటాలు పసుపు రంగులో చేస్తారు.

ఒకావిడ, మా అమ్మమ్మ వయసుంటుంది, చనిపోయిన భర్త అలమారాలోంచి విడి తూటాలు సంచీలో పోసి తెచ్చింది. తుపాకీ మనవడికిస్తుందట. బారెల్ మీద ముద్రని ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చింది: 12 గేజ్, తూటా పొడవు రెండు ముప్పావు అంగుళాలు. అన్నీ కౌంటర్ మీద పరిచాను. ఎర్రవాటి మధ్య పసుపువి కనిపించాయి. ఎర్రవాటిలోనూ కొన్ని మూడు అంగుళాలవి. పేలకముందు పొట్టిగా ఉంటాయి కాబట్టి ఛాంబర్‌లోకి వెళ్తాయి, పేలాక మూతి విచ్చుకోడానికి చోటు చాలదు. పనికిరానివన్నీ వేరే కవర్లో కట్టి, మీద రాసి ఇచ్చాను. "మా ఆయనుంటే ఇలాగే వేరు చేసేవాడు" అంది. ఆవిడ మా షాపులో ఏమీ కొనలేదు. ఆ రోజు చేసిన పనిని పెదనాన్న చూసుంటే బాగుండేదనిపించింది.

అయినా ఆయన మాటలో నిజం లేదనలేను. ఇక్కడ ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ఉంది. తూటాకి కూడా లైసెన్సు కావాలి, ఎన్ని కొనొచ్చో అందులోనే రాస్తారు. 9 ఎంఎం మామూలు మనిషికి దొరకదు, .32 రివాల్వర్‌తో సరిపెట్టుకోవాలి. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించి రావాలి. పెరిగే వయసులో నేను తుపాకీ చూసిందంటే బ్యాంకు గార్డు భుజాన వేలాడే డబుల్ బ్యారెలే. ఆ నిశ్చింత టెక్సాస్‌లో నాకు లేదు. సూపర్ మార్కెట్లో నా ముందు లైన్లో ఉన్నవాడి నడుముకి పిస్టల్ కనబడితే, ఇన్నేళ్లయినా పిల్లని ఇటువైపు లాక్కుంటాను. కౌంటర్‌లో నేను సరిచూడగలిగింది తుపాకీనీ తూటానే. కొనే మనిషి మనసులో ఏముందో అడిగే హక్కు నాకు లేదు. పెదనాన్న నొక్కింది సరిగ్గా అక్కడే.

నవంబరులో జింకల సీజన్ మొదలవుతుంది. సెలవైపోయి వెళ్లేసరికి కౌంటర్ ముందు లైన్లు కట్టి ఉంటారు. ఎంత రద్దీ ఉన్నా, బారెల్ మీద ముద్ర ఏముందో చెప్పందే పెట్టె ఇవ్వను. లైన్ కదలడం లేదని మేనేజర్ విసుక్కున్నా సరే.